తలుపు కింద తడిగుడ్డ: కువైట్ దుమ్ముగాలుల్లో నా అనుభవం

మా అక్క కొడుకు ఈ ఫిబ్రవరిలో కువైట్ వెళ్ళాడు. ఏసీ మెకానిక్ పని. ఒడిశాలోని బ్రహ్మపురం ఐటీఐలో నేను చదివిన ట్రేడే వాడూ చదివాడు. ప్రయాణానికి పది రోజుల ముందు మా ఇంటికొచ్చాడు. భోంచేసి చెయ్యి కడుక్కుంటూ అడిగాడు: "మావా, అక్కడ ఇసక తుపాన్లొస్తాయంట కదా. మన ఫైలిన్ లాటివేనా?"

నోటితో చెప్పే కంటే చూపించడం మేలనిపించింది. గోపాల్‌పూర్‌లో మా ఇంటి నుంచి సముద్రం ఐదు నిమిషాల నడక. మధ్యాహ్నం మూడు దాటితే గాలి ఊపందుకుంటుంది. పేంటు మోకాళ్ళ దాకా మడిచి ఒడ్డున నిలబడమన్నాను. ఎండిన ఇసక పిక్కలకి సూదుల్లా తగులుతోంది. "మొహానికి తగుల్తోందా?" అన్నాను. లేదన్నాడు. వంగమన్నాను. మోకాలెత్తుకి మొహం తెచ్చేసరికి టక్కున కళ్ళు మూసేసుకున్నాడు.

ఇసక రేణువుకి బరువుంటుంది. గాలి దాన్ని లేపుతుంది గానీ మోసుకుపోలేదు. లేచి, పడి, పడిన చోట ఇంకో నాలుగు రేణువుల్ని లేపి, అలా గెంతుకుంటూ పోతుంది. ఎడారిలో ఆ గెంతే ఇసక నేలని కొట్టినప్పుడు నేలని అంటిపెట్టుకున్న మెత్తటి మట్టి విడిపోతుంది. మైదా పిండి కంటే నున్నగా ఉంటుంది. ఆకాశానికి లేచేది అది, వందల కిలోమీటర్లు ప్రయాణం చేసేది అది. పేరుకి ఇసక తుపాను అంటాం గానీ ఊరి మీద పడి, ఇంట్లో దూరి, ఛాతీలోకి పోయేది దుమ్ము. కువైట్ వాళ్ళు దాన్ని 'తోజ్' అంటారు. అక్కడి తెలుగువాళ్ళ నోటా అదే మాట. "ఇవాళ తోజ్ ఉంది, బట్టలు మేడ మీద ఆరెయ్యకండి" అనుకుంటాం.

వాడు తలూపాడు. అర్థమైనట్టే ఉంది. కానీ నాకు మాత్రం అది అర్థం కావడానికి ఒక రాత్రి పట్టింది, దాని ఫలితం తెలియడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఒడిశా అంతటా దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. వాళ్ళలో మా ఇంటిల్లిపాదీ ఉన్నాం. అమ్మా, నాన్నా, నేనూ షెల్టర్‌లో ఆ రాత్రంతా మేలుకునే ఉన్నాం. గాలి గంటకి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వీచిందని తర్వాత చెప్పారు. మాకు తెలిసింది దాని అరుపు. తెల్లారి వచ్చి చూస్తే ఇంటి పైకప్పు లేదు, నాన్న పడవ లేదు, ఊరి వెనక సరుగుడు తోట మొదళ్ళతో సహా పడుంది. ఆ అప్పు తీర్చడానికే నేను 2014 జనవరిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్, అక్కణ్ణుంచి కువైట్ వెళ్ళాను. అంత గాలి చూసినవాణ్ణి, ఇంకే గాలి నన్నేం చేస్తుందిలే అనుకున్నాను.

కువైట్‌లో జలీబ్ అనే పేటలో మా గది. ఎనిమిది మందిమి. ఇద్దరం మా గంజాం జిల్లా వాళ్ళం, నలుగురు కడప జిల్లా, ఒకాయన రాజోలు, ఒకాయన సోంపేట. మంచాలు రెండంతస్తులవి. కిటికీ చెక్కకి కంత కోసి అందులో విండో ఏసీ బిగించారు. ఆ ఏసీకీ చెక్కకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉండేది. వేసవి రాలేదు కదా అని ఎవరమూ పట్టించుకోలేదు.

ఏప్రిల్ నెల, ఒక సాయంత్రం నాలుగు గంటలకి మేడ మీద పని చేస్తున్నాను. గాలి ఆగిపోయింది. మన దగ్గర వేసవిలో వచ్చే గాలివాన, కాళవైశాఖి ముందు ఆగినట్టే, ఒక్క ఆకు కదల్లేదు. వాయవ్యం వైపు చూస్తే ఆకాశం కింది అంచున గోధుమరంగు గట్టు ఒకటి. మబ్బనుకున్నాను, వాన పడుతుందనుకున్నాను. మాతో ఉన్న ఈజిప్టు ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని అరుస్తూ మెట్ల వైపు పరిగెత్తాడు. పనిముట్లు ఏరుకుంటూ నేను వెనకబడ్డాను. ఆ గట్టు దగ్గరకొచ్చేసరికి గోడ అయింది. పది అంతస్తుల బిల్డింగులు ఒక్కొక్కటే దాన్లో మునిగిపోతున్నాయి. మీద పడేటప్పుడు చప్పుడు లేదు. ఫైలిన్‌కి అరుపుంది. దీనికి చిన్న సరసర, ఎవరో గోనెసంచి ఈడుస్తున్నట్టు, అంతే. వెలుతురు ముందు నారింజ, తర్వాత ఎరుపు, ఆ తర్వాత ఇటుక రంగు. చెయ్యి చాపితే వేళ్ళు మసగ్గా కనిపించాయి. నోరు మూసుకునే ఉన్నా పళ్ళ మధ్య కరకర.

ముందు నుంచి ఉన్నవాళ్ళు 2011 మార్చి 25 నాటి సంగతి చెప్పేవాళ్ళు. పట్టపగలు నిమిషాల్లో అమావాస్య రాత్రిలా అయిపోయిందట. నేను చూసింది దానికంటే చాలా చిన్నదని వాళ్ళ మాట.

గదికి చేరాక తలుపేసుకున్నాం. ఇక పరవాలేదనుకుని అన్నం వండుకున్నాం, తిన్నాం, పడుకున్నాం. అసలు తోజ్ అప్పుడు మొదలైంది. ఏసీ సందులోంచి సన్నగా, ఆగకుండా, తెల్లార్లూ వచ్చింది. ట్యూబులైట్ చుట్టూ పొగలా తిరుగుతుంటే చూస్తూనే పడుకున్నాను. పొద్దున్న లేచి తలెత్తితే దిండు మీద నా తల ఉన్న మేర తెల్లగా గుండ్రంగా ఉంది, చుట్టూ పసుపు. మూత పెట్టిన బిందెలో నీళ్ళ మీద పొర. పెట్టెలో మడిచి దాచిన పెళ్ళినాటి చొక్కా మడతల్లో కూడా ఉంది. చీదితే మట్టి. రాజోలు ఆయన ఒక్కడే రాత్రి తన మంచం మీద పైదుప్పటి కప్పి పడుకుని, లేవగానే దాన్ని జాగ్రత్తగా నాలుగంచులూ మడిచి బాత్‌రూంలో పెట్టాడు. ఆయన పక్క ఒక్కటే శుభ్రంగా ఉంది.

అమ్మకి ఫోన్ చేశాను. ఇండియాకీ అక్కడికీ రెండున్నర గంటల తేడా. అప్పటికి ఆమె మార్కెట్ నుంచి వచ్చేసింది. టీవీలో చూసినట్టుంది.

"ఒరే, ఏటి గాలిరా అది? ఇల్లు నిలబడిందా?"

"నిలబడిందమ్మా. ఏటీ పడలేదు."

"మరి గొంతేటలా ఉంది?"

గొంతు బొంగురుపోయిందని నాకు ఆమె చెప్పేదాకా తెలీలేదు. ఫైలిన్ నాడు ఆమె ఇల్లు చూసి భయపడింది. ఈసారి ఇల్లు బాగానే ఉందని నేను ధైర్యం చెప్పాను. చూడాల్సింది గొంతుని అని ఆవిడే ముందు పట్టుకుంది.

అక్కడ రెండు రకాలు వస్తాయని ఒకటి రెండేళ్ళలో తెలిసింది. మార్చి చివరి నుంచి మే దాకా వచ్చేవాటిని కువైట్ వాళ్ళు సరాయాత్ అంటారు. ఉరుముల వానతో కలిసి, ఉన్నట్టుండి మీద పడి, గంటో రెండు గంటలో ఉండి పోతాయి. ఒక్కోసారి వెనకే వాన పడి దుమ్ము బురద చుక్కలై కార్ల మీద రాలుతుంది. జూన్, జూలైలో వచ్చేది శమాల్. అరబ్బీలో శమాల్ అంటే ఉత్తరం. ఇరాక్ మైదానం మీదుగా వాయవ్యం నుంచి వీచే గాలి, రోజుల తరబడి తగ్గదు. గోడలా రాదు. ఆకాశం పాలిపోయి, సూర్యుడు తెల్ల బిళ్ళలా మారి, నాలుగైదు రోజులు అలాగే ఉంటుంది. జనం సరాయాత్‌కి భయపడతారు, శమాల్‌కి అలవాటు పడతారు. నా లెక్కలో మనిషిని అరగదీసేది ఆ రెండోదే.

దక్షిణ ఇరాక్‌లో టైగ్రిస్, యూఫ్రటిస్ నదుల చిత్తడి నేలల్ని 1990లలో ఎండగట్టారు. నీళ్ళు పోయిన నేల దుమ్మైంది. కువైట్ ఎడారిలో అర్ఫజ్ అని మోకాలెత్తు పొద ఉంటుంది, వసంతంలో పసుపు పూలు పూస్తుంది. అది ఆ దేశపు జాతీయ పుష్పం. మేకలు, ఒంటెలు మేసి, బళ్ళు తొక్కి ఆ పొదలు పల్చబడిన చోట నేల వదులైపోతుంది. మా కంపెనీ వేన్‌లో ఎడారి రోడ్డు మీద పోతూ కంచె వేసిన జాగాలో అర్ఫజ్ పొదలు, ప్రతి పొద కింద ఇసక కుప్ప కట్టి నిలబడి ఉండడం చూశాను. మా ఒడ్డున రావణాసురుడి మీసాల గడ్డి అచ్చం అలాగే ఇసకని పట్టి ఉంచుతుంది. కంచెకి ఇవతల నేల నున్నగా, పట్టేది ఏదీ లేకుండా ఉంది. సరుగుళ్ళు పడిపోయాక ఒడ్డు మీది ఇసక మా వీధిలోకి రావడం చూసినవాణ్ణి కాబట్టి నాకు ఎవరూ వివరించాల్సిన పనిలేకపోయింది.

తోజ్ వెళ్ళిపోయిన మర్నాడు ఊరంతా సెలవులా ఉంటుంది. మాకు మాత్రం ఆ రోజు నుంచే పని. ఫోన్లు ఆగవు. "ఏసీ చల్లగా రావట్లేదు", "ఏసీ ఆగిపోయింది", ఇవే. ఔట్‌డోర్ యూనిట్ కండెన్సర్ కాయిల్ అంటే కాగితాల్లాంటి అల్యూమినియం రెక్కల వరసలు. రెక్కల మధ్య నుంచి గాలి పోతేనే లోపలి వేడి బయటికి పోతుంది. దుమ్ము పట్టి ఆ సందులు మూసుకుపోతే వేడి పోదు, గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, హై ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. బయట నలభై ఎనిమిది డిగ్రీలు. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం అది. లోపల ముసలివాళ్ళు, పసిపిల్లలు. అక్కడ ఏసీ ఆగిపోవడమంటే వేసవిలో మన ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయినట్టు కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి ఏడాది నేనొక తప్పు చేశాను. కాయిల్ దుమ్ముగా ఉందని ఎదురుగా నిలబడి పైపుతో నీళ్ళు కొట్టాను. దుమ్ము కాస్తా బురదై రెక్కల లోపలికి పోయి గట్టిపడింది. మర్నాడు అదే ఇంటి నుంచి మళ్ళీ ఫోన్. రాజోలు ఆయనే వచ్చి చూపించాడు. ముందు మెత్తటి బ్రష్‌తో రెక్కల నిలువునే, పైనుంచి కిందికి పొడిదుమ్ము దులపాలి. అడ్డంగా గీస్తే రెక్కలు వంగిపోతాయి. తర్వాత పైమూత విప్పి, లోపలి వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టాలి, అంటే గాలి దుమ్ముని ఏ దారిన లోపలికి తోసిందో అదే దారిన వెనక్కి పంపాలి. కింద ట్రేలో కారే నీళ్ళు మొదట టీ రంగులో, తర్వాత పల్చటి మజ్జిగలా, చివరికి తేటగా వచ్చేదాకా. తేట నీళ్ళు వచ్చాక కంప్రెసర్ ఆన్ చేస్తే దాని మూలుగు పోయి సాఫీగా తిరుగుతుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా మేనల్లుడికి ఈ ఒక్క పని రెండు రోజులు మా ఇంటి ఏసీ మీదే నేర్పాను.

అయితే బ్రష్‌తో దులిపేటప్పుడు లేచే దుమ్మంతా దులిపేవాడి మొహం మీదికే. తోజ్‌లో లేని దుమ్ము తోజ్ మర్నాడు పీల్చాను నేను. మా కంపెనీ ఇచ్చింది పల్చటి నీలం మాస్కులు, చెవులకి తగిలించుకునేవి. అవి బుగ్గల దగ్గర తెరుచుకునే ఉంటాయి. ఎన్ 95 ఇమ్మని మూడుసార్లు అడిగాం. వస్తాయన్నారు, రాలేదు. తలకి తువ్వాలు తడిపి చుట్టుకునేవాణ్ణి. తడిగుడ్డ పెద్ద దుమ్ముని ఆపుతుంది, చిన్నదాన్ని ఆపలేదు. పీఎం 10 అని చెప్పే దుమ్ము తల వెంట్రుక మందంలో ఏడో వంతు కూడా ఉండదు, పీఎం 2.5 ఇంకా సన్నం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రోజుకి పీఎం 10 ఘనపు మీటరు గాలికి 45 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. మా ఫోన్లలో అది వెయ్యి దాటిన రోజులున్నాయి. ఆ రోజు కూడా మేడలెక్కాం. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వం నియమం పెట్టింది, అది మమ్మల్ని చాలా కాపాడింది. కానీ పొద్దున్న ఏడింటికి తోజ్ ఉంటే అడిగేవాళ్ళెవరు?

సోంపేట ఆయనకి 2017 వేసవిలో రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకుంటే ఛాతీలో ఈల. పని పోతుందని ఎవరికీ చెప్పనివ్వలేదు. ఒక రాత్రి లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి ఊపిరి లాక్కుంటున్నాడు. మాట రాలేదు. 112కి ఫోన్ చేశాం, అంబులెన్స్ వచ్చింది. ఆక్సిజన్, నెబులైజర్ పెట్టాక తెల్లారి మాట్లాడాడు. ఆరు నెలల్లో ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన ఈల రెండు వారాల పాటు మేమంతా విన్నాం. వినీ ఊరుకున్నాం. అది నాకు ఇప్పటికీ తప్పుగానే అనిపిస్తుంది.

ఆ తర్వాత సొంత డబ్బుతో ఎన్ 95లు కొనుక్కున్నాను. గడ్డం తీసేశాను, గడ్డం మీద మాస్కు అంటుకోదు. ఏసీ సందులో స్పాంజి కుక్కి పైన టేపు. బాత్‌రూం ఎగ్జాస్ట్ కంతకి తోజ్ రోజున ప్లాస్టిక్ కవరు. తలుపు కింద తడిగుడ్డ. గాలి తగ్గాక కూడా కిటికీ వెంటనే తియ్యకూడదు, పైన తేలే దుమ్ము దిగడానికి ఇంకా చాలా సేపు పడుతుంది. చీపురు అసలు ముట్టకూడదు. చీపురు పడితే తోజ్‌ని మళ్ళీ గదిలోకి పిలిచినట్టే. తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి. కళ్ళు నలపకుండా నీళ్ళు కొట్టుకోవాలి. గది తుడిచిన మొదటి బకెట్ నీళ్ళు డ్రెయిన్‌లో పొయ్యకూడదు, పైపు పూడుకుపోతుంది. కాసేపు తేరనిచ్చి, కింద దిగిన మట్టి సంచిలో వెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇవన్నీ నేనే చెప్పేవాణ్ణి, రాజోలు ఆయన నాకు చెప్పినట్టు.

2022 మేలో వారం తేడాతో రెండు సోమవారాలు, 16న, 23న, తోజ్ వల్ల కువైట్ ఎయిర్‌పోర్టులో విమానాలు ఆపేశారు. అక్క ఇంట్లో గృహప్రవేశానికి నేను బయల్దేరింది ఆ రెండో సోమవారమే. లోపల అద్దాల అవతల రన్‌వే లేదు, విమానాల తోకలు లేవు, ఇటుక రంగు ఒక్కటే. ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందన్నాను. అమ్మ "గొంతు బాగుందా?" అంది. అంతకు ముందు వారం నుంచి నాకూ ఈల వస్తోంది. బాగుందన్నాను.

ఊరికొచ్చాక ఆ అబద్ధం రెండు రోజులు కూడా దాగలేదు. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో నిలబడిపోయాను. బ్రహ్మపురంలో డాక్టరు ఊదమని ఒక గొట్టం ఇచ్చారు, ఊదాను, మందు పీల్చాక మళ్ళీ ఊదమన్నారు. ఆస్తమా అన్నారు. దుమ్ము ఒక్కటే కారణమని చెప్పలేమనీ, కానీ ఉన్నదాన్ని రేపేది అదేననీ చెప్పారు. రోజూ వాడే పంపు ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం పంపు ఒకటి. కువైట్ వెళ్ళి ఇంకో ఏడాది చేసి, అప్పు పూర్తిగా తీర్చి, 2023లో వచ్చేశాను. ఇప్పుడు గోపాల్‌పూర్, బ్రహ్మపురం హోటళ్ళకి ఏసీ సర్వీసు చేస్తున్నాను. ఇక్కడి కాయిల్స్‌ని తినేది ఉప్పుగాలి. అది మనుషుల జోలికి రాదు.

మేనల్లుడి పెట్టెలో అక్క పచ్చళ్ళు సర్దింది. నేను ఎన్ 95 మాస్కులు యాభై, మెత్తటి బ్రష్‌లు రెండు, ఒక స్పాంజి ముక్క పెట్టాను. పచ్చడి సీసాకి చోటు లేదని అక్క స్పాంజి తీసి పక్కన పడేస్తే మళ్ళీ పెట్టాను. "ఈల వినపడిన రోజే ఫోర్‌మన్‌కి చెప్పాలి. పని పోతే పోనీ, టికెట్ డబ్బులు నేనిస్తాను" అని వాడి చేత అమ్మ ముందు మాట తీసుకున్నాను.

మొన్న రాత్రి పదింటికి వీడియో కాల్ చేశాడు. అక్కడ ఏడున్నర. మొహం నిండా సంబరం.

"మావా, వచ్చింది! మధ్యాహ్నం గోడలా వచ్చింది. వీడియో తీసినాను, చూస్తావా?"

"తర్వాత చూస్తాను గానీ, ఫోన్ కిందికి తిప్పు. తలుపు చూపించు."

తిప్పాడు. గచ్చు తెల్లటి పలకలు. తలుపు కింద నుంచి లోపలికి, జాన పొడవున, విసనకర్ర ఆకారంలో పసుపు పొడి పరుచుకుని ఉంది. చూస్తుండగానే దాని అంచు కొద్దిగా కదిలింది.

"బాబూ, ఫోన్ పెట్టెయ్యి. ముందు తువ్వాలు తడుపు."